పాలు పొంగించిన ఇల్లు

"నాకు సొంతిల్లు ఉన్నదంట అక్కా."

ఆ మాట అని శివమ్మ నవ్వింది. నవ్వుతూనే గడప మీద కూలబడింది. మోచేతుల దాకా జొన్నపిండి. పిసుకుతున్న పిండిని అలాగే వదిలేసి పరుగెత్తి వచ్చినట్టుంది.

సుమన మిషను తొక్కడం ఆపింది. ఎవరిదో పట్టుచీర, ఫాల్ సగం దాకా వచ్చి సూది కింద ఆగిపోయింది.

"ఎవరన్నరే?"

"ఎవరో అంటే నేనెందుకు ఉరికొస్తనక్కా? వార్డు ఆఫీసుల అనూప్ సారే అన్నడు. ఒంటరి మహిళ పింఛనుకు పెట్టుకుంటి గదా, నా దరఖాస్తు కొట్టేసిండ్రు. ఎందుకు సారూ అంటే, నీకు సొంతిల్లు ఉన్నది గదమ్మా అంటడు. ఏ ఊర్ల ఉన్నది సారూ, జర నాక్కూడ చూపియ్యుండ్రి, పోయి కాళ్లు సాపుకొని పండుకుంట అన్న."

వంటింట్లో చింతపండు పిసుకుతున్న చప్పుడు ఆగింది. తల్లి సిద్దమ్మ చెవులు ఇప్పుడు గడప దగ్గరే ఉన్నాయని సుమనకు తెలుసు.

"ఏ ఇల్లంట?" అంది. అడగకపోతే బాగుండదని అడిగింది.

"నేనుంటున్న ఇల్లే. నెలనెలా కిరాయి నీ చేతుల పెడుతున్న గదా, ఆ ఇల్లే నాదంట." శివమ్మ నవ్వు ఈసారి సగంలో విరిగింది. "వాడకట్టోళ్లను అడిగితే శివమ్మదే అని చెప్పిండ్రంట. ఇగ సారు గట్లనే రాసుకున్నడు."

సుమన చీర మీద లేని నలకను ఒకదాన్ని దులిపింది.

ఆ ఇల్లు శివమ్మది కాదు. సుమనది. అత్తగారి ఊరు కుల్చారంలో పెద్దమనుషులు కూర్చుని, పరమేశ్‌తో ఆమె కాపురాన్ని తెంచిననాడు మెదక్‌లోని ఆ రెండు గదుల ఇంటిని ఆమె పేరున రిజిస్ట్రీ చేయించారు. "ఇగ నీకూ మాకూ ఏం లేదు" అని మామ కండువా దులుపుకుని లేచాడు. అంతకు చాలా ముందే, ఒక చేత పిల్లనూ ఒక చేత సంచినీ పట్టుకుని ఆమె తల్లి ఇంటికి వచ్చిన కాలంలోనే, ఆమెకు ఒంటరి మహిళ పింఛను మొదలైంది. ఆనాడు అది న్యాయమే. ఇల్లు వచ్చిన తర్వాత దాని సంగతేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే కదా అని సుమన చాలాకాలం తనకు తానే చెప్పుకుంది.

"ఓనర్ సారుకు ఫోన్ కొట్టక్కా," అంటోంది శివమ్మ. "రేపు పొద్దుగాల కమ్యూనిటీ హాల్ల వార్డు సభ ఉన్నది. చెప్పుకునేది ఏమన్న ఉంటే ఆడనే చెప్పుకొమ్మన్నరు. ప్రశాంత్ సారు ఒక్కపారి వచ్చి, ఇల్లు నాది, ఈమె కిరాయికుంటది అంటే అయిపాయె. హైదరాబాదు ఎంత దూరమక్కా?"

"సారు హైదరాబాదుల లేడు బిడ్డా." సిద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "బెంగుళూరు పోయిండు. బిడ్డ దగ్గరికి."

"బిడ్డ పెండ్లి గాలేదంటిరి గదా పెద్దమ్మా?"

"అయింది. జల్దిల అయింది. గుళ్లె చేసిండ్రు."

"అయ్యో, నాకొక్క మాట చెప్పకపోతిరి." శివమ్మ ముఖం నిజంగానే చిన్నబోయింది. "ఇంకేం గాకున్నా రొట్టెలన్న కట్టిస్తుంటి. నా రొట్టెలంటే సారుకు పానం అంటివి గదక్కా."

సుమన తల ఊపింది.

ప్రశాంత్ సారు అనే మనిషి ఎక్కడా లేడు. ఇల్లు కిరాయికిస్తరా అని శివమ్మ మొదటిసారి వచ్చి అడిగిననాడు, నాదే అన్న మాట సుమన నాలుక చివరి దాకా వచ్చింది. సిద్దమ్మ ముందరపడి "మాది గాదు బిడ్డా, హైదరాబాదు సారుది, మేం చూసుకుంటున్నం" అంది. ఆ సారుకు ఒక పేరు కావలసి వచ్చింది, పెట్టారు. తర్వాత బ్యాంకు ఉద్యోగం కావలసి వచ్చింది. బీపీ కావలసి వచ్చింది. పెళ్లికెదిగిన కూతురు కావలసి వచ్చింది. దసరాకూ ఉగాదికీ సారు కోసమని శివమ్మ కట్టి ఇచ్చే నువ్వుల రొట్టెలను తల్లీ కూతుళ్లు తలుపు దగ్గరగా వేసుకుని తిన్నారు. "సారు ఏమన్నడక్కా?" అని శివమ్మ అడిగితే, "మస్తుగున్నయన్నడు" అని సుమన చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు తడబడింది. తర్వాత తడబడలేదు.

"చెయ్యి ఇగ లేస్తలేదక్కా," శివమ్మ కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. "దవాఖానల డాక్టరమ్మ రొట్టెలు కొట్టుడు బందు పెట్టుమన్నది. బందు పెట్టి ఏం తినాలె? గందుకే ఈ పింఛను మీద ఆశ పెట్టుకున్న. మన వార్డుల ఒక్కటే ఖాళీ ఉన్నదంట. నాకు గాకపోతే ఇంకొకళ్లకు పోతది."

"చూద్దాం శివమ్మా."

"సారు రాకున్నా నువ్వు రా. మహిళా సంఘం లీడరువు. నువ్వు లేచి నిలబడి, కిరాయి నేనే వసూలు చేస్త, ఇల్లు ఈమెది గాదు అన్నవనుకో, ఇగ కాదనేటోడు మెదకుల లేడు." శివమ్మ లేచి చెప్పులు వెతుక్కుంది. "పిండి ఎండిపోతుంది, పోత. జర యాది పెట్టుకో అక్కా."

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అటే చూశారు.

"ఏం జూస్తున్నవు?" అంది సిద్దమ్మ. "మిషను తొక్కు."

"ఆమె దరఖాస్తు కొట్టేసిండ్రమ్మా."

"నేను కొట్టేసిన్నా?"

"మనమే కొట్టేసినం."

సిద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. మనిషి చిన్నది, గొంతు పెద్దది. కూతురితో పోట్లాడేటప్పుడు మాత్రం ఆ గొంతు తగ్గించి మాట్లాడుతుంది, పక్కింటికి వినబడకుండా.

"ఇల్లుంటే ఏంది? గోడలు గీకి వండుకుంటమా? కిరాయి పిల్ల కాలేజీకే పాయె. పింఛను ఉప్పుకూ బియ్యానికే పాయె. ఏడ మిగిలింది? మేడ గట్టినవా నువ్వు?"

"శివమ్మకు గోడలు గూడ లేవు."

"శివమ్మకు నువ్వేమన్న మొగుడివా, కట్టియ్యనీకి?"

సుమనకు నవ్వు రావలసిన మాట. రాలేదు.

"రేపు పోయి నిజం చెప్త," అంది.

"చెప్పు. చెప్పి చూడు. పింఛను తీసేస్తమమ్మా, పో అని ఊకుంటరా? ఇన్నేండ్లది వాపసు కట్టుమంటరు. యాడికెల్లి తెస్తవు? ఇల్లమ్ముతవు. నేను సచ్చినంక ఈ కొంప నీ తమ్ముడిది. అప్పుడు నువ్వూ నీ బిడ్డా ఏ గడపల నిలబడతరు?" సిద్దమ్మ ఊపిరి తీసుకుంది. "ఇజ్జత్ సంగతి పక్కకు పెట్టు. సంఘంల ఆడోళ్లు నీ మొఖం మీద ఏమంటరో నాకు తెలుసు. అది నేనొద్దంటున్నది గాదు. నీకు గా ఇల్లొక్కటే ఉన్నది బిడ్డా. పుస్తె లేకపాయె, మనిషి లేకపాయె. గా నాలుగు గోడలే."

ఆ మాటలో అబద్ధం లేదు. అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది.

వర్షిత భుజానికి కాలేజీ బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం. కదలకుండా నిలబడితే తండ్రి పోలికలు కనిపిస్తాయి.

"ప్రశాంత్ సారు లేడా?"

"ఉన్నడు," అంది సిద్దమ్మ.

"నిన్ను గాదు అమ్మమ్మా. అమ్మను అడుగుతున్న."

సుమన కూతురి కళ్లలోకి కాకుండా, బ్యాగు పట్టీ మీద ఊడివచ్చిన దారం వైపు చూసింది.

"లేడు," అంది.

వర్షిత లెక్క ఒకటి మనసులో వేసుకుంటున్నట్టు నుదురు ముడిచింది. "మరి పోయిన ఏడు కిరాయి పెంచుమన్నది ఎవరు?"

సిద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పోయిన ఏడాది, కిరాయిలు అందరూ పెంచుతున్నారు, మనం పెంచకపోతే అనుమానం వస్తుంది అని సిద్దమ్మే పోరింది. సారు పెంచమన్నాడని సుమన వెళ్లి చెప్పింది. శివమ్మ బతిమాలింది. "నా తోటి గాదక్కా, నువ్వే జర సారుకు చెప్పు, నీ మాట ఇంటడు" అంది. అడుగుతానని సుమన ఇంటికి వచ్చింది. ఒకరోజు ఆగి మళ్లీ వెళ్లి, సారు సగానికి ఒప్పుకున్నాడని చెప్పింది.

"ఆమె నీ చేతులు రెండూ కండ్లకద్దుకున్నదమ్మా," అంది వర్షిత. "నేను నీ పక్కనే ఉన్న."

సుమన చేతులు రెండూ ఒళ్లో దాచుకుంది.

"నేను ఆమె తోటి ఒక్క కంచంల తిన్న. మీ అమ్మకూ నాకూ ఎవరు లేరు బిడ్డా, మేమిద్దరం ఒక్కటే అంటది నాతోటి. నేను గూడ గట్లనే అనుకున్న."

అంతే. గొంతు పెంచలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆమెకని అన్నం కలిపి పెట్టిన కంచం పీట మీద అలాగే ఉండిపోయింది.

కేకలు వేసి ఉంటే సుమనకు కొంత తేలికగా ఉండేది.

పొద్దుగూకే వేళకు సుమన శివమ్మ ఉండే ఆటోనగర్ దారి పట్టింది. సభకు ముందే, ఎవరూ లేనప్పుడు, ఒక్క శివమ్మకే చెప్పేయాలని బయల్దేరింది. దారి పొడుగునా మొదటి మాట కోసం వెతికింది. "శివమ్మా, నీకొకటి చెప్పాలె" అన్నదాని తర్వాత ఏ మాట వస్తుందో తోచలేదు.

ఇంటి ముందర రేకుల కింద పొయ్యి మండుతోంది. శివమ్మ ఎడమచేత్తో రొట్టె కొడుతోంది. అలవాటు లేని చెయ్యి కావడంతో రొట్టె ఒకవైపు మందంగా వస్తోంది. ఎదురింటి ఎల్లం ఆటో పక్కకు పెట్టి, స్టూలు మీద కూర్చుని ఎల్లిపాయ కారంతో తింటున్నాడు.

"ఓనరమ్మా, ఇంకొకటి వెయ్యి," అన్నాడు.

"నీ నోరే నా పింఛను తిన్నది. మళ్ల రొట్టె గూడ గావాల్నా దానికి?"

"నేనేం అబద్ధం చెప్పిన? సారు వచ్చి, గీ ఇల్లు ఎవరిదయ్యా అన్నడు. ఎవరు పాలు పొంగిస్తే వాళ్లదే ఇల్లు. నువ్వు పొంగియ్యలేదా?" ఎల్లం సుమనను చూసి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "రా సుమనక్కా, నువ్వే చెప్పు. కిరాయికి దిగినోళ్లు ఎవరన్న గడపకు పసుపు రాసి, తోరణం గట్టి, వాడకట్టంత పిలిచి గారెలు వెడతరా? చెంబు నీళ్లు, చీపురు పట్టుకొని దిగుతరు. ఈమె పూజ చేయనీకి అయ్యగారిని గూడ పిలిచింది."

"నాకేం ఎరుక? అక్కనే చెప్పింది. ఓనర్ సారు ఇంటి పూజ చేసుకోలేదు, ఆయనకు తీరుబడి లేదు, నువ్వు జెయ్యి, ఇంటికి మంచిదన్నది. సరుకుల పైసలు గూడ సారు పంపించిండు. ఔనా అక్కా?"

"ఔను," అంది సుమన.

సరుకులు కొన్నది సుమనే. ఇల్లు చేతికి వచ్చాక చాలా నెలలు అది తాళం వేసే ఉంది. ఇంటి పూజకు పీటల మీద ఆలుమగలు కూర్చోవాలి. మగడు లేనిదానివి, ఎట్ల కూసుంటవే అని మేనత్త అంది. ఎవరినైనా దంపతులను కూర్చోబెడదామంటే, ఇల్లు ఎవరిదని వాళ్లు అడుగుతారు. పాలు పొంగని ఇల్లు పాడుపడుతుందని సిద్దమ్మ భయం. అప్పుడు కిరాయికి వచ్చింది శివమ్మ. ఆమె మగడు బొంబాయి పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. పీటలు ఎట్లా మరి అని సుమన నసిగితే, "నాకు పీటలెందుకక్కా, పొయ్యి ఉంటే సాలు" అని కొంగు బిగించింది. గిన్నె అంచు దాటి పాలు తూర్పుకు పొంగితే చప్పట్లు కొట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమెకే బొట్టు పెట్టి, ఆమె ఒళ్లోనే రవికె గుడ్డలు పెట్టారు. సుమన గోడవారగా నిలబడి విస్తళ్లు అందించింది. ఆ రోజు తనకు కొంచెం ఏడుపు వచ్చిన మాట, అంతకంటే ఎక్కువగా ధైర్యం వచ్చిన మాట ఆమెకు ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఇల్లు తనదని ఇక ఎవరూ అనుకోరన్న ధైర్యం.

"ఏదో చెప్పనీకి వచ్చినట్టున్నవక్కా?" శివమ్మ పెనం మీది రొట్టెకు తడి అద్దుతూ అడిగింది.

ఎల్లం తింటున్నాడు. ఇంకెవరో బండి ఆపి రెండు రొట్టెలు కట్టమన్నారు.

"రేపు వస్తనని చెప్పనీకి వచ్చిన," అంది సుమన.

"నాకు తెల్వదా నువ్వు వస్తవని?" శివమ్మ రొట్టె తిప్పింది. "సభల ఏం మాట్లాడాల్నో పొద్దుగాల్నించి అనుకుంటున్న. నీ లెక్క మాట్లాడరాదు నాకు. నువ్వు పక్కన నిలబడు, సాలు."

కమ్యూనిటీ హాలులో కుర్చీలు సగం మందికే సరిపోయాయి. మిగిలినవాళ్లు గోడల వెంట నిలబడ్డారు. సంఘం ఆడవాళ్లు సుమనకు ముందు వరుసలో కుర్చీ పట్టి ఉంచారు. ఆమె కూర్చోలేదు. వెనక వరుసలో సిద్దమ్మ కనిపించింది. రావద్దని చెప్పినా వచ్చింది. వర్షిత రాలేదు. నిన్నటి నుంచి ఇంట్లో ఆ పిల్ల గొంతు వినబడలేదు.

అనూప్ కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. పేరు చదివి, కారణం చెప్పి, ఎవరైనా ఏమైనా చెప్పేదుందా అని ప్రతిసారీ తల ఎత్తి చూస్తున్నాడు. అరిచేవాళ్లు అరుస్తున్నారు. శివమ్మ పేరు వచ్చేసరికి హాలు ఎందుకో సద్దుమణిగింది.

"సొంత ఇల్లు ఉన్నందున," అని చదివాడు.

"లేదు సారూ." శివమ్మ లేచింది. "నాది గాదు. నేను కిరాయికుంటున్న. సుమనక్కకు ఎరుక. ఆమె చేతులనే పైసలు పెడత."

"ఇల్లు మీది కాకపోతే ఎవరిదమ్మా? ఇంటి పన్ను చూస్తే ఎప్పుడో చనిపోయినాయన పేరు మీద ఉన్నది. ఆయనెవరికి అమ్మిండో, కొన్నోళ్లు పేరు మార్పించుకోలేదు. వాడకట్టుల అడిగితే మీదే అన్నరు. పూజ గూడ మీరే చేసిండ్రంట."

ఎవరో నవ్వారు. "గారెలు మేం గూడ తిన్నం సారూ," అన్నాడు ఎల్లం, మెల్లగా, ఈసారి అంత హుషారు లేకుండా.

"ఓనర్ ఎవరో చెప్పుండ్రి. నేను రాసుకుంట. మీకు రావాల్సింది మీకొస్తది," అన్నాడు అనూప్.

శివమ్మ సుమన వైపు తిరిగింది. అందరూ తిరిగారు.

సుమన రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. చివరికి ఉన్నది ఒక్కటే మాట.

"నాది," అంది.

హాలులో ఎవరికీ అర్థం కాలేదు. అనూప్ కూడా అయోమయంగా చూశాడు.

"ఏంది మీది?"

"ఇల్లు. శివమ్మ ఉండే ఇల్లు నాది సారూ."

ముందు వరుసలో సంఘం మమత నాలుక కరుచుకుంది. ఆ వెనక ఎవరో "అయ్యో సుమనక్కా" అన్నారు, జాలిగా. తర్వాత గుసగుస మొదలైంది. సుమన ఆ గుసగుస కోసమే ఒళ్లు బిగబట్టుకుని నిలబడి ఉంది. వినబడుతున్న మాటలు మాత్రం తాను ఎదురుచూసినవి కావు.

"ఆమె గట్లనే అంటది సారూ," మమత లేచింది. "మా సంఘంల ఒకామె అప్పు కట్టకుంటే, ఆమెనే ఇచ్చిందని చెప్పి ఈమె తన పైసలు కట్టింది. అడిగితే చెప్పలే. ఎవరి కష్టమైనా తన నెత్తిన ఏసుకుంటది."

"నిజమే," అన్నాడు ఎల్లం. "సుమనక్కకు ఇల్లెక్కడిది? తల్లిగారింట్ల ఉండి చీరలకు ఫాల్స్ కుట్టుకునేటామె. శివమ్మ కోసమని అంటుంది."

"కాదు, నిజంగనే..." సుమన అంది. ఆ మాట మధ్యలోనే వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు కలిశారు. పెద్దగా కాదు, గుళ్లో భజన మొదలైనట్టు మెల్లగా. సుమన చెంపలు మండాయి. ఇంతకు ముందు ఎన్నడూ, పరమేశ్ నలుగురిలో నిలబెట్టి నాకీమె వద్దన్ననాడు కూడా, ఆమెకు తలెత్తడానికి ఇంత కష్టం కాలేదు.

అనూప్ చెయ్యెత్తి చప్పట్లు ఆపాడు. గొంతు మెత్తబడింది. "అమ్మా, మీ మంచితనం నాకర్థమైంది. కాని గిది రాసుకునే సంగతి. మీకు గూడ ఇదే పింఛను వస్తుంది గదా? ఇల్లు మీదని రాస్తే అది పోతది. ఇన్నేండ్లు దాచినట్టయితది, పైసలు వాపసు అడుగుతరు. ఎవరి కోసమో మీరు పరేషాన్ గావొద్దు. జర ఆలోచించుకొని చెప్పుండ్రి."

తలుపు అంత విశాలంగా తెరిచి పెట్టాడు ఆ పిల్లవాడు. దాంట్లోంచి వెళ్లిపోతే చాలు. వెళ్లిపోతే ఇల్లు ఉంటుంది, పింఛను ఉంటుంది, పైగా మంచిదన్న పేరు ఇంకా పెరుగుతుంది.

"మెత్తటి మనసు సారూ దానిది," వెనక నుంచి సిద్దమ్మ గొంతు వచ్చింది, ఎక్కడా తడబడకుండా. "చిన్నప్పటి సంది గంతే. దాని మాట రాయకుండ్రి."

సుమన తల్లి వైపు తిరిగింది. సిద్దమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఆ ఏడుపు నిజమో కాదో కన్న కూతురికే తెలియలేదు.

"సారూ, అమ్మ మాట ఇనకుండ్రి," సుమన గొంతు పెంచింది. "నేను చెప్పేది ఇనుండ్రి. ప్రశాంత్ సారని మేము..."

మాట పూర్తి కాలేదు. శివమ్మ కుర్చీలు తోసుకుంటూ వచ్చి ఆమె నోరు మూసింది. అరచేతిని గట్టిగా సుమన పెదాలకు ఒత్తింది.

"సాలక్కా," అంది. కళ్ల నిండా నీళ్లు. "నా కోసం ఇంత మందిల అబద్ధమాడుతున్నవు. నా పింఛను ఎట్లాగూ పాయె. నా వెనక నీది గూడ పోవాల్నా? నీకు ఎదిగిన పిల్ల ఉన్నది. నాకెవరున్నరు?"

సుమన తల అడ్డంగా ఊపింది. శివమ్మ ఆ ఊపును కూడా మంచితనమే అనుకుంది. చెయ్యి తీయకుండానే అనూప్ వైపు తిరిగింది.

"ఆ ఇల్లు నాదే సారూ. భయపడి కాదన్న. నాదే. రాసుకోండ్రి."

అనూప్ ఒకసారి ఆమెను, ఒకసారి ఈమెను చూసి, పెద్దగా నిట్టూర్చి, జేబులోంచి కలం తీశాడు.

సుమన శివమ్మ మణికట్టు పట్టుకుని, నోటి మీది చేతిని పక్కకు లాగింది.